వెల్డింగ్ మానేసి పూర్తిగా శిల్పాలే చేసుకుంటే బతకగలమా?

ఇనుపచెయ్యి:
పద్నాలుగేళ్లుగా వెల్డింగ్ పని. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు. నాలుగేళ్లుగా రాత్రిళ్లు షెడ్డులో కూర్చుని పాత చెయిన్లు, బేరింగులు, అరిగిన స్పానర్లతో పక్షులు చేస్తున్నాను. ఇరవై రెండు అమ్ముడుపోయాయి. పద్దెనిమిది తెలిసినవాళ్లే కొన్నారు. ఇక పని మానేసి ఇదే చేద్దామని ఉంది. ఇంట్లో వద్దంటున్నారు. మీరేమంటారు?

నిప్పురవ్వ:
మానేయండి. స్పెయిన్ శిల్పి జూలియో గొంజాలెజ్ 1918లో రెనో కార్ల ఫ్యాక్టరీలో గ్యాస్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. పదేళ్ల తర్వాత చిత్రకారుడు పికాసో ఇనుప శిల్పాలు చేయాలనుకున్నప్పుడు ఆయన సాయమే తీసుకున్నాడు. అమెరికా శిల్పి డేవిడ్ స్మిత్ 1925లో స్టూడిబేకర్ కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ లోహం పని నేర్చాడు. చేతిలో పని ఉన్నవాడికే ఈ దారి. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఎటూ పోలేరు.

చెక్కపొట్టు:
అదే డేవిడ్ స్మిత్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రైలింజన్ల ఫ్యాక్టరీలో మళ్లీ వెల్డింగ్ పనికి వెళ్లాడు. అప్పటికే ఆయన శిల్పి. రెండు పడవలూ ఆయన్నేం ముంచలేదు.

నా సంగతి చెప్తాను. వడ్రంగి పని వదిలి మూడేళ్లయింది. లేత్ మీద చెక్క గిన్నెలు చేస్తాను. చెక్క గురించి నాకు తెలియనిదేముంది అనుకున్నా. మొదటి ఏడాది సగం గిన్నెలు పగిలిపోయాయి. తలుపులకి ఎండిన చెక్క వాడేవాణ్ణి, ఇప్పుడు పచ్చి మొద్దు. అది ఆరేటప్పుడు మొద్దులోని వలయాల వెంట కుంచించుకునేది, మధ్య నుంచి అంచు వైపు కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. గుండ్రంగా తీసింది కోడిగుడ్డులా తయారవుతుంది. అందుకని ముందు గోడను గిన్నె వ్యాసంలో పదో వంతు మందంగా ఉంచి, నెలల తరబడి ఆరబెట్టి, మళ్లీ లేత్ ఎక్కిస్తాను. అన్ని నెలలూ నా డబ్బు ఆ అరల మీదే కూర్చుని ఉంటుంది. తలుపు బిగిస్తే సాయంత్రానికి చేతికొచ్చేది. నాకు దెబ్బ తగిలింది పనితనంలో కాదు, ఈ ఎదురుచూపుల్లో.

ఆ పద్దెనిమిదీ పక్కన పెట్టండి. మీ లెక్క నాలుగే.

మట్టిచేతులు:
నాలుగైనా ఏ ధరకి? దుకాణంలోనో గ్యాలరీలోనో పెడితే అమ్మిన ధరలో సగం దాకా వాళ్లకే పోవచ్చు. స్క్రాప్ ఊరికే వచ్చిందని మీ గంటలు కూడా ఊరికే వేస్తున్నారా?

ఇంకోటి. నా కుండలు కొన్నవాళ్లు మళ్లీ అచ్చం అలాంటిదే కావాలంటారు. ఒకే గుడ్లగూబను ముప్పై సార్లు చేశాక అది గేటు కాక ఇంకేమిటి? పైగా గేటుకైతే ముందే అడ్వాన్సు ఇస్తారు.

నిప్పురవ్వ:
ఇలా భయపెడితే ఎవరూ ఏమీ మొదలుపెట్టరు. రోజంతా గేట్లు చేసి అలిసిన చేతులతో రాత్రి చేసిందాన్ని చూసి ఒకరి సత్తా ఎలా తేలుస్తారు?

చెక్కపొట్టు:
ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే వారంలో రెండు పగళ్లు శిల్పాలకే ఇమ్మంటాను. గేట్లు మిగతా రోజుల్లో.

పని సంగతి కాదుగానీ, జింకు పూత ఉన్న స్క్రాప్ వాడుతున్నారా? దాని పొగ పీలిస్తే కొన్ని గంటలకి చలిజ్వరం పట్టుకుంటుంది. పూత గీకేసి, గాలి ఆడే చోట వెల్డింగ్ చేయండి.

ఇనుపచెయ్యి:
నిన్న రాత్రి కూర్చుని లెక్క వేశాను. నెమలికి ముప్పై ఒక్క గంటలు పట్టింది. అమ్మిన డబ్బు నాకు ఒకటిన్నర రోజు కూలి. ఇన్నాళ్లూ అది లాభమే అనుకున్నాను.

రెండు పగళ్ల మాట బాగుంది. వచ్చే నెమలికి గంటల లెక్కతో ధర కట్టి, బయటివాళ్లకే చూపిస్తాను.

నిప్పురవ్వ:
అంటే మానట్లేదన్నమాట.

ఇనుపచెయ్యి:
ఈ ఏడాదికి లేదు. నువ్వు అడుగుతూనే ఉండు తమ్ముడూ, కోపం రాదు. చెక్కపొట్టు గారూ, ఆ పొగ మాట నిజం. పోయిన వానాకాలం రెండుసార్లు రాత్రిపూట వణుకు వచ్చింది. తడిశాననుకుని మాత్ర వేసుకుని, తెల్లారి మళ్లీ అదే షెడ్డులో, అదే తలుపు మూసుకుని కూర్చున్నా.