ఉగాది సాయంత్రం, కార్డిఫ్ (వేల్స్): వెల్ష్ జోలపాట అంశం, ఎవరేం చూసుకోవాలి

సంగీతం బాధ్యత:
అందరికీ నమస్కారం. ఈసారి ఉగాది కార్యక్రమంలో "సుఓ గాన్" అనే వెల్ష్ జోలపాట పాడి, దాని వెనకే అన్నమయ్య "జో అచ్యుతానంద" పాడుతున్నాం. రెండూ కలిపి ఎనిమిది నిమిషాలు. వేల్స్ వాళ్ల పండుగ సెయింట్ డేవిడ్స్ డే మార్చి 1న అయిపోతుంది, ఉగాది ఆ తర్వాత కొద్ది వారాలకే వస్తుంది కాబట్టి వెల్ష్ పాట ఇక్కడి అతిథులకూ సందర్భోచితంగా ఉంటుంది.

ఈ రెంటినీ జంట కట్టడానికి కారణం ఉంది. వెల్ష్ పాట మేజర్ స్కేల్లో, అంటే మన శంకరాభరణం స్వరాల్లో ఉంది. "జో అచ్యుతానంద" ఎక్కువగా పాడే నవరోజు రాగం శంకరాభరణ జన్యమే, అంటే దాన్నుంచి పుట్టినదే. అందుకని ఆధార షడ్జమం (స) మార్చక్కర్లేదు, ఒకే తంబూరా రెండు పాటల కిందా మోగుతూ ఉండొచ్చు. శ్రుతి నాలుగు, కీబోర్డు మీద ఎఫ్. నవరోజు పంచమాంత్య రాగం. కింది పంచమం నుంచి పై పంచమం దాకానే తిరుగుతుంది. ఎఫ్ పెట్టుకుంటే కింద సి, పైన సి, పిల్లల గొంతుకు హాయిగా ఉంటుంది. ఐదు శ్రుతికి అలవాటు పడ్డ అక్కలు మాత్రం పొరపాటున ఒక స్థాయి కిందే ఎత్తుకుంటారు, అప్పుడు గొంతు గుర్‌మంటుంది. మొదటి స్వరం హార్ప్ (వేళ్లతో మీటే తీగల వాద్యం) ఇచ్చాకే ఎత్తుకోండి. మగవాళ్లు ఒక స్థాయి కింద.

పాడేవాళ్లు పెద్దలు 12 మంది, ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు ఆరుగురు. అందరూ ఒకే వరుస (ట్యూన్) పాడతారు. వెల్ష్ బృందాలు నాలుగు గొంతుకల హార్మొనీ (వేర్వేరు స్వరాలు ఒకేసారి) పాడతాయి, మనకు ఉన్న నాలుగు రిహార్సల్స్‌లో అది కుదరదు. సగం కుదిరిన హార్మొనీ జోలపాటకు చాలా చెరుపు.

హాల్, సమయాలు:
అక్కా, కరోకే ట్రాక్ దొరుకుతుంది కదా? హార్ప్ కోసం ఇంత తిప్పలెందుకు? అలాగే ఈ అంశం సినిమా డ్యాన్సుల తర్వాత వస్తుంది, డిన్నర్‌కి ముందు. మార్చాలా?

సంగీతం బాధ్యత:
ట్రాక్ వద్దండి. ట్రాక్ మనకోసం ఆగదు. ఊపిరి తీసుకునే చోట గొంతులు అర క్షణం ఆగితే హార్ప్ కూడా ఆగుతుంది, ట్రాక్ ముందుకెళ్లిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి అందరూ తొందరపడతారు, పాట మార్చింగ్ పాటలా తయారవుతుంది.

సమయం మాత్రం మార్చాలి. ఆకలిగా ఉన్న పిల్లలు ఏ జోలకీ ఊరుకోరు. డిన్నర్ అయ్యాక, లాటరీ డ్రా కన్నా ముందు పెట్టండి. డ్యాన్స్ అయిన వెంటనే పెడితే చెవుల్లో డప్పు హోరు తగ్గడానికే ఒక చరణం పోతుంది. మధ్యలో మాటలతో నడిచే అంశం ఏదైనా ఉండాలి, పంచాంగ శ్రవణం చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు పాట సంగతి. చరణానికి ఎనిమిది పంక్తులు, పంక్తికి 8, 7, 8, 7 అక్షరాల చొప్పున నడుస్తుంది. లయ 4/4. మన లెక్కలో పంక్తికి ఒక ఆదితాళ ఆవర్తనం (ఎనిమిది దెబ్బలు) వేసుకోండి, ఏడక్షరాల పంక్తిలో చివరి అక్షరం సాగుతుంది. మొదటి రెండు పంక్తుల వరుసే మూడు, నాలుగు పంక్తులకు మళ్లీ వస్తుంది. ఐదు, ఆరు పంక్తుల్లో వరుస పైకి ఎక్కుతుంది. ఏడు, ఎనిమిదిలో మళ్లీ మొదటికి. నేర్చుకోవాల్సినవి నిజానికి రెండు ముక్కలే, అందుకే ఈ పాట ఎంచుకున్నాం.

వేగం నిమిషానికి 60 నుంచి 66 దెబ్బలు. అంటే చరణానికి సుమారు ఒక నిమిషం. 56కి దిగితే ఏడక్షరాల పంక్తి చివర ఊపిరి చాలదు, శ్రుతి జారుతుంది. 76 దాటితే ఊయల కాస్తా రంగులరాట్నం అవుతుంది.

తప్పులు ఎక్కడొస్తాయో ముందే చెప్తాను. ఐదో పంక్తిలో వరుస పైకి వెళ్లగానే అందరూ గొంతు పెంచుతారు. కచ్చేరీ అలవాటు అది. ఇక్కడ పైకి వెళ్లేకొద్దీ గొంతు తగ్గించాలి, లేకపోతే అప్పటిదాకా తెచ్చిన నెమ్మది అంతా ఆ ఒక్క పంక్తిలో పోతుంది. రెండోది గమకం. సంగీతం నేర్చుకున్నవాళ్లు గాంధారాన్ని (గ) ఊపకుండా ఉండలేరు. 12 మంది 12 రకాలుగా ఊపితే అది అపశ్రుతిలాగే వినిపిస్తుంది. వెల్ష్ పాటలో స్వరం నిలకడగా ఉండాలి, గమకాలన్నీ అన్నమయ్య కోసం దాచుకోండి. మూడోది, మెల్లగా పాడేటప్పుడు పొట్ట వదిలేస్తారు, శ్రుతి కిందికి దిగుతుంది. మూడు చరణాలు అయ్యేసరికి పావు స్వరం దిగిపోయి ఉంటాం, తంబూరా మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రిహార్సల్లో ప్రతి చరణం చివర హార్ప్ తీగ ఒకటి మీటి సరిచూసుకుందాం.

ఊపిరి జంట పంక్తుల చివరే తీసుకోవాలి. అంతదాకా ఆగలేనివాళ్లు పదం మధ్యలో మెల్లగా తీసుకుని కలవండి, పక్కవాళ్లతో ఒకేసారి మాత్రం తీసుకోవద్దు. వాక్యం ఒకేసారి తెగితే వినేవాళ్లకు తెలిసిపోతుంది.

మూడు చరణాలూ పాడతాం. మొదటిది ఒకే గొంతు, రెండోది పెద్దలందరూ, మూడోది పిల్లలతో కలిపి. ఆ తర్వాత మొదటి వరుసే మాటలు లేకుండా పెదవులు మూసి, పళ్లు విడదీసి హమ్మింగ్. పళ్లు బిగిస్తే ముక్కులోంచి వస్తుంది.

ఉచ్చారణ చూసేవారు:
ముందు పేరు. "సువో గాన్" అనకండి. దక్షిణ వేల్స్ పలుకులో "సీ ఓ గాన్". కరపత్రంలోనూ, యాంకర్ నోట్‌లోనూ అలాగే రాయించండి.

మనకు కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. ర మన ర లాగే నాలుక ఆడించి పలకాలి. టి, డి అక్షరాలకు ఇంగ్లీషు ట, డ వద్దు, త, ద చాలు. మొదటి మాటలు "హీనా బ్లెన్తిన్ అర్ వ మన్వెస్". ఎఫ్ అక్షరం ఒక్కటే ఉంటే వ, రెండు ఉంటేనే ఫ. వై అక్షరం రెండు రకాలు: పదం చివరి భాగంలో ఇ, ముందు భాగాల్లో, "వ" లాంటి చిన్న మాటల్లో మూసినట్టున్న అ. అందుకే "మన్వెస్". దాన్ని "మిన్వెస్" అంటే అతిథులు ఏమీ అనరు గానీ చిన్నగా నవ్వుకుంటారు.

సి హెచ్ వచ్చిన చోట హైదరాబాద్ ఉర్దూలో "ఖబర్" పలికే ఖ. మొదటి చరణం రెండో పంక్తిలోనే వస్తుంది: "క్లీద్ ఆ ఖన్నెస్". మైకులో గట్టిగా గీకితే గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది, గాలి మాత్రమే వదలండి. డబుల్ ఎల్ మొదటి చరణంలో లేదు, రెండో చరణంలో ఉంది: నాలుక కొనను ల స్థానంలో ఉంచి పక్కల నుంచి గాలి ఊదాలి. ఊదడం రాని పిల్లలు "ల" అనేయొచ్చు, "క్ల" మాత్రం అనకూడదు. మూడో చరణంలో డబుల్ డి ఉంది, ఇంగ్లీషు "దిస్"లో ఉన్న మెత్తని ద.

ఊనిక దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో భాగం మీద పడుతుంది. "అమ్‌దానత్"లో "దా" మీద. మొదటి భాగం మీద వేస్తే వరుసలోని బరువు మాట బరువుతో కలవదు, పాట కుంటుతుంది.

పదాల మొదటి అక్షరం మారడం చూసి అచ్చు తప్పనుకుని ఎవరో నిన్న కరపత్రంలో దిద్దారు. దిద్దకండి. "కాన్" అనే మాట ఇక్కడ "గాన్" అవుతుంది, "ప్లెన్తిన్" అనేది "బ్లెన్తిన్" అవుతుంది. బడిలో గసడదవాదేశం చదువుకున్నవాళ్లకు ఇది వింత కాదు.

ఇంకో సాయం: ఇక్కడి పాత చాపెల్ (ప్రార్థనా మందిరం) పాటల పుస్తకాలు చాలావాటికి సోల్‌ఫా ప్రతులున్నాయి. ఆ పద్ధతిలో డో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, మన స లాగే. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసేది) రానివాళ్లకు సోల్‌ఫా ప్రతి ఇస్తాను. డో రే మీ ఫా సో లా టీ ఉన్నచోట స రి గ మ ప ద ని అనుకుని పాడేయండి.

పిల్లలు, పెద్దల బాధ్యత:
ఒక సందేహం. మన పసిపిల్లలకు వెల్ష్ ఒక్క ముక్క తెలియదు. అర్థం కాని పాట విని కుదురుకుంటారా?

సంగీతం బాధ్యత:
కుదురుకుంటారు, దీని మీద పరిశోధన ఉంది. హార్వర్డ్ పరిశోధకులు తెలియని భాషల జోలపాటలు అమెరికా పసిపిల్లలకు వినిపించారు. జోల కాని పాటలతో పోలిస్తే జోలపాటలకు గుండె వేగం ఎక్కువగా తగ్గింది. 2020లో "నేచర్ హ్యూమన్ బిహేవియర్" పత్రికలో వచ్చింది. మాంట్రియల్‌లో చేసిన ఇంకో అధ్యయనంలో తెలియని టర్కిష్ పాట విన్న పిల్లలు సుమారు 9 నిమిషాలు ఊరుకున్నారు, మాటలు విన్నప్పుడు 4 నిమిషాల చిల్లర మాత్రమే. అది జోలపాట కాదు, ఆటపాట. అయినా గొంతు సాగే తీరే పిల్లల్ని పట్టి ఉంచింది. కాబట్టి అర్థం వివరించడానికి యాంకర్ సమయం తీసుకోనక్కర్లేదు.

పెద్దల విషయంలో ఇటలీలోని పావియాలో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. వేగమైన సంగీతానికి ఊపిరి, గుండె వేగం పెరిగాయి. సంగీతం మధ్యలో పెట్టిన రెండు నిమిషాల విరామంలో గుండె వేగం, రక్తపోటు వినడానికి ముందున్న స్థాయి కన్నా తగ్గాయి. మనం రెండు నిమిషాలు ఆపలేం. రెండు పాటల మధ్య తంబూరా ఒక్కటే 15 సెకన్లు మోగనిద్దాం. దానికి ఇంకో అవసరం కూడా ఉంది: ఆదితాళం నడక నుంచి ఖండ నడకకి మారుతున్నాం, పాడేవాళ్లకు ఐదు లెక్క మనసులో కుదరాలి.

పిల్లలు, పెద్దల బాధ్యత:
సరేనండి. స్టేజీకి ఎడమవైపు చాపలు, దిళ్లు వేయిస్తాను, స్పీకర్‌కి కనీసం ఐదు మీటర్ల దూరంలో. లైట్లు పూర్తిగా ఆపొద్దు, చీకట్లో చిన్నపిల్లలు భయపడి ఏడుస్తారు.

కేర్ హోమ్ నుంచి వెల్ష్ మాట్లాడే పెద్దవాళ్లు ఆరుగురు వస్తున్నారు. వాళ్లకు 20 పాయింట్ అక్షరాలతో, పసుపు కాగితం మీద పాట ఇస్తున్నాం. మెరిసే కాగితం వద్దు, లైటు పడితే చదవలేరు. వాళ్లు మనతో గొంతు కలిపితే ఎవరూ వెనక్కి తిరిగి వీడియో తీయకండి. వాళ్ల వేగం మన కన్నా మెల్లగా ఉంటే హార్ప్ వాళ్లతోనే వెళ్లాలి, మనం సర్దుకుంటాం.

సౌండ్:
12 మందికి 12 మైకులు అడిగారు, ఇవ్వను. చేతి మైకులిస్తే ప, బ పలికిన ప్రతిసారీ ఠప్ మంటుంది. చిన్న కండెన్సర్ మైకులు రెండు, అర్ధచంద్రాకారంలో నిలబడ్డ వాళ్లకు మీటరున్నర ముందు. ఏక గొంతుకు ఒక మైకు విడిగా. 100 హెర్ట్జ్ కింద కట్ చేస్తాను, స్టేజీ చెక్క మీద అడుగుల చప్పుడు పోతుంది. రివర్బ్ (ప్రతిధ్వని) సెకనున్నర దాటనివ్వను, దాటితే వెల్ష్ హల్లులన్నీ ముద్ద అవుతాయి.

డ్యాన్సులకు పెట్టిన లెవెల్ నుంచి ఒక్కసారి దించితే జనం "మైక్ పోయింది" అని అరుస్తారు. పంచాంగ శ్రవణం సాగుతుండగానే మెల్లగా దించుకుంటూ వస్తాను. వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్, టాయిలెట్లలో హ్యాండ్ డ్రయ్యర్లు ఆ ఎనిమిది నిమిషాలూ ఆపాలి. స్టీలు పళ్లేలు పేర్చడం కూడా.

హార్ప్ వాయించే మేడమ్‌ది లీవర్ హార్ప్. వేడి, తేమ మారితే తీగలు శ్రుతి తప్పుతాయి. గంట ముందే స్టేజీ మీదకి తెచ్చి ఉంచాలి, రేడియేటర్‌కి, సాంబారు గిన్నెలకి దూరంగా. తంబూరా యాప్ ఎ 440కి సెట్ చేసి హార్ప్‌తో సరిచూడండి. యాప్ ఉన్న ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో.

హాల్, సమయాలు:
ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ వంటగది తలుపు వెనక ఉంది, ఒక మనిషిని పెడతాను. లైసెన్స్ ఏమైనా కావాలా?

సంగీతం బాధ్యత:
వరుస జానపదం, 1800 ప్రాంతంలోనే అచ్చులో కనిపిస్తుంది. మాటలు రాసిన రాబర్ట్ బ్రయన్ 1920లో పోయారు, హక్కులు ఎప్పుడో ముగిశాయి. కానీ ఈమధ్య ఎవరైనా కట్టిన హార్మొనీ ప్రతికి హక్కులు ఉంటాయి, దాన్ని ఫొటోకాపీ తీయకూడదు. అందుకే మనం వరుస ఒక్కటే సొంతంగా రాసుకుంటున్నాం. డ్యాన్సులకు వేసే సినిమా రికార్డుల లైసెన్స్ వేరు, అది హాలువాళ్లకు ఉందో లేదో ఈ వారమే అడగండి.

యాంకర్:
నేను ఏం చెప్పాలి? "వేయేళ్ల నాటి పాట" అనొచ్చా?

ఉచ్చారణ చూసేవారు:
అనకండి. వెల్ష్ అతిథులు కూర్చుని ఉంటారు. వేయేళ్ల మాట "పైస్ దినోగద్" అనే వేరే జోలపాటకు దగ్గరగా ఉంటుంది, అది 13వ శతాబ్దపు "బుక్ ఆఫ్ అనైరిన్" రాతప్రతిలో ఉంది. దీనికి "వేల్స్ తల్లులు పాడే జోలపాట" అంటే చాలు. స్పీల్‌బర్గ్ 1987 సినిమా "ఎంపైర్ ఆఫ్ ద సన్"లో వినిపించిన పాట అని కలిపితే యువకులు గుర్తుపడతారు.

సంగీతం బాధ్యత:
ఇంకొకటి, ఇది ముఖ్యం. పాటకు ముందే చెప్పండి: మధ్యలోనూ చివర్లోనూ చప్పట్లు వద్దు, చేతులు పైకెత్తి ఊపితే చాలు. 250 మంది ఒక్కసారి చప్పట్లు కొడితే అప్పుడే కళ్లు మూసిన పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. రెండో పాట అయ్యాక స్టేజీ దిగేదాకా తంబూరా ఆపొద్దు. లాటరీ డ్రా కనీసం పది నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. ఆ పది నిమిషాల్లో పిల్లల్ని కార్లకు చేర్చాలనుకునేవాళ్లు చేరుస్తారు.

హాల్, సమయాలు:
రాసుకున్నాను. చాపలు ఎన్ని ఉన్నాయో స్టోర్‌లో చూసి రేపు ఇక్కడే పెడతాను. తక్కువైతే ఎవరింట్లో ఉన్నాయో చెప్పండి.