పెళ్లికి ముందు వరుడిపై పాత గృహహింస కేసు ఉందో లేదో తెలుసుకునే మార్గం ఉందా?

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలికి ఇక్కడి తెలుగు కుటుంబం నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి ఇది రెండో పెళ్లి. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నారంటూ డిక్రీ నకలు చూపించారు గానీ, అందులో కారణాలేవీ లేవు. మారతహళ్లిలో వారు మునుపు అద్దెకున్న అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మాత్రం, మొదటి భార్య చేతికి కట్టుతో, ఒక్క సూట్‌కేసు పట్టుకుని రాత్రిపూట ఆటో ఎక్కి వెళ్లిపోయిందని చెప్పాడు.

ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో బెంగళూరు కోర్టులను ఎంచుకుని అబ్బాయి పేరుతో వెతికితే ఏమీ దొరకలేదు. అయితే 2005 నాటి గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం బాధితురాలు తాను తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. మొదటి భార్య పుట్టిల్లు ఏ జిల్లాలో ఉందో అడిగితే అబ్బాయి తరఫువారు మాట దాటవేస్తున్నారు. పోలీస్ స్టేషన్‌లో మూడో వ్యక్తికి వివరాలు ఇవ్వడం కుదరదన్నారు. సమాచార హక్కు దరఖాస్తును వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే సెక్షన్ 8(1)(జె) కింద తిరస్కరించారు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు అబ్బాయే దరఖాస్తు చేసుకోవాలి, పైగా మేజిస్ట్రేటు దగ్గర నేరుగా వేసే గృహహింస దరఖాస్తుకు ఎఫ్‌ఐఆర్ అక్కర్లేదు కనుక, అది అందులో కనిపిస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2014 నుంచి అమల్లో ఉన్న ‘క్లేర్స్ లా’ కింద భాగస్వామి గత హింస గురించి పోలీసులను అడగవచ్చు. కుటుంబ సభ్యులు కూడా అడగవచ్చు, సమాచారం మాత్రం సాధారణంగా ప్రమాదంలో ఉన్న వ్యక్తికే చెబుతారు. మన దేశంలో అలాంటి ఏర్పాటు లేదు. విడిపోయిన ఆ అమ్మాయిని వెతికి ఇబ్బంది పెట్టడం మాకు ఇష్టం లేదు.

జిల్లా గానీ కేసు నంబరు గానీ తెలియనప్పుడు, ఒక వ్యక్తిపై గృహహింస చట్టం కింద కేసు నడిచిందో లేదో బయటివారు చట్టబద్ధంగా తెలుసుకునే పద్ధతి ఏమిటో, కోర్టు వ్యవహారాల్లో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరా?