ఎదురింటి మేడ మీద సెల్ టవర్, మెదడుకి నిజంగా ఏమన్నా అవుద్దా? (గుంటూరు)

బ్రాడీపేట కోడలు
అందరికీ నమస్తే. మాది గుంటూరు బ్రాడీపేట, రెండో ఫ్లోర్. సంక్రాంతి అయ్యాక ఎదురు మేడ మీద సెల్ టవర్ లేపారు, మా బెడ్‌రూం కిటికీ తీస్తే ఆ పొడుగు తెల్ల డబ్బాలే కనపడతయ్. అప్పట్నుంచీ మా అత్తగారికి సరిగ్గా నిద్ర లేదు, పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉందంటారు, నాక్కూడా చిరాగ్గానే ఉంటంది. వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది, మైక్రోవేవ్ ఓవెన్లో ఉండే తరంగాలే టవర్లోవీ, కొంచెం కొంచెంగా రోజూ పడితే మెదడులోకి రక్తంలోవి లీకై పోతయ్, డీఎన్ఏ తెగిపోద్ది అని, స్వీడన్లో ఎలకల మీద చేసి చూశారంట. మా ఆయనేమో ఇవన్నీ పనీపాటా లేనోళ్ల మాటలు అంటున్నారు. అసలు వేడెక్కకుండా కూడా మెదడు మీద పనిచేస్తయ్యా ఇవి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్. భయపెట్టే వీడియోలు మాత్రం పెట్టొద్దు, ఉన్నవి చాలు.

కృష్ణలంక కుర్రోడు
ఇంకా ఆలోచిస్తున్నారా అక్కా, ఇల్లు మారిపోండి. మన చిన్నప్పుడు ఎన్ని పిచ్చుకలు ఉండేయి, ఇప్పుడేయి?

ఈసీఈ మాస్టారు
పిచ్చుకల్ని కాసేపు పక్కన పెడదాం తమ్ముడూ. అమ్మా, నేను విజయవాడలో ఇంజినీరింగ్ పిల్లలకి యాంటెన్నాలు చెప్తుంటా, ఏటా ఎవడో ఒకడు ఇదే అడుగుతాడు. ఆ వీడియో వాడు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పి ఆపేశాడు, అదే చిక్కు. స్వీడన్ సంగతి నిజమే, లుండ్ యూనివర్సిటీలో సాల్ఫర్డ్ అనే న్యూరోసర్జన్, ఆయన టీమ్ 2003లో పేపరు వేశారు, ఎలకలకి రెండు గంటలు ఫోన్ సిగ్నల్ పెట్టి 50 రోజులాగి మెదడు కోసి చూస్తే రక్తంలో ఉండాల్సిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మెదడులోకి దిగింది, దెబ్బతిన్న నల్లటి కణాలు కూడా కనపడ్డయ్ అన్నారు. రక్తానికీ మెదడుకీ మధ్య ఒక అడ్డు ఉంటది, దాంట్లోంచి కారిందని. ఇక్కడిదాకా వీడియోలో ఉండుంటది. వదిలేసిందేంటంటే తర్వాత ఫ్రాన్స్‌లో, అమెరికాలో వేరే ల్యాబులు ఇదే మళ్లీ చేశాయి, 2009లో పేపర్లొచ్చాయి, వాళ్లకి లీకూ కనపళ్లేదు, నల్ల కణాలూ కనపళ్లేదు. డీఎన్ఏ కథా అంతే. 1995లో అమెరికాలో సియాటెల్లో హెన్రీ లాయ్, సింగ్ అని ఇద్దరు ఓవెన్ ఫ్రీక్వెన్సీయే, 2.45 గిగాహెర్ట్జ్, ఎలకలకి పెట్టి మెదడు కణాల్లో డీఎన్ఏ తెగిందన్నారు, 1998లో అక్కడే సెయింట్ లూయిస్ అనే ఊరి వాళ్లు ఎలకల మీద మళ్లీ చేస్తే ఏం రాలేదు. ఆ రెండోదానికి డబ్బు పెట్టింది ఫోన్ల కంపెనీ మోటరోలా, కాబట్టి అనుమానపడే హక్కు మనకుంది, కాదనను. కానీ ఫిజిక్స్ ఎవరి జీతగాడూ కాదు కదా, ఈ తరంగాల్లో ఒక్కో ఫోటాన్‌కి, అంటే ఒక్కో శక్తి ముక్కకి, ఉండే శక్తి డీఎన్ఏ బంధం తెంచడానికి కావాల్సినదాంట్లో పది లక్షల వంతు, ఎక్స్‌రేలాగా నేరుగా తెంచడం దీనివల్ల కాదు, ఇంకేదన్నా దారి ఉందా అంటే వెతుకుతానే ఉన్నారు.

అలాగని మెదడుకి అస్సలేం తెలీదా అంటే అదీ కాదు, మీ ఆయనకి ఇది చెప్పండి. 2011లో అమెరికాలో నోరా వోల్కో వాళ్లు 47 మందికి చెవి దగ్గర ఫోన్ పెట్టి 50 నిమిషాలు ఆన్లో ఉంచి స్కాన్ తీస్తే, యాంటెన్నాకి దగ్గరున్న మెదడు భాగం గ్లూకోజ్ సుమారు 7 శాతం ఎక్కువ వాడింది. దానివల్ల మంచా చెడా అన్నది వాళ్లు తేల్చలేదు. జ్యూరిక్‌లో నిద్రపోయేవాళ్ల ఈఈజీ, అంటే మెదడు కరెంటు రికార్డు, తీస్తే అలల్లో చిన్న మార్పులొచ్చాయి, నిద్ర మాత్రం చెడిపోలేదు. ఇంకోటి నాకు భలే ఇష్టం, పాతరోజుల్లో రాడార్ దగ్గర పనిచేసేవాళ్లు తలలో టిక్ టిక్ అని వినపడుతోందంటే ఎవరూ నమ్మలా, 1960ల మొదట్లో ఫ్రే అనే ఆయన నిజమేనని చూపించాడు. బలమైన పల్స్ తగిలినప్పుడు తల లోపల డిగ్రీలో పదిలక్షల వంతు వేడెక్కి చిన్న ఒత్తిడి అల పుడుద్ది, దాన్ని లోపలి చెవి శబ్దంగా పట్టుకుంటది. టవర్ సిగ్నల్‌కి అంత పల్స్ ఉండదు లెండి, మీ అత్తగారికి టిక్ టిక్‌లు రావు.

కృష్ణలంక కుర్రోడు
మరి డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ లిస్టులో పెట్టింది కదా సార్

ఈసీఈ మాస్టారు
2011లో "కావచ్చేమో" అనే 2బి గ్రూపులో పెట్టారు, అది ఎక్కువగా ఫోన్ చెవికి పెట్టి మాట్లాడేవాళ్ల లెక్కలు చూసి. 2024లో డబ్ల్యూహెచ్ఓ చేయించిన పెద్ద రివ్యూలో ఫోన్‌కీ మెదడు క్యాన్సర్‌కీ లింకు కనపళ్లేదు.

టవర్ మెకానిక్ (తెనాలి)
నేను టవర్లెక్కే మనిషిని, రేడియేషన్ గురించి సారు చెప్పారుగా, నాకు తెలిసిన ముక్క చెప్తా. ఆ తెల్ల డబ్బా ముందుకి కొడద్ది, టార్చిలైట్ లెక్క, కొద్దిగా కిందికి వంచి పెడతాం. అందుకని టవరున్న ఇంటోళ్లకంటే ఎదురింటోళ్లకే సిగ్నల్ ఎక్కువ, మీకు వస్తది అబద్ధం చెప్పను. కాకపోతే మన దేశంలో 2012 సెప్టెంబర్ నుంచి లిమిట్ బయటి దేశాల గైడ్‌లైన్లో పదో వంతుకి దించారు, 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి చదరపు మీటరుకి 0.45 వాట్ అంతే. డౌటుంటే టెలికాం డిపార్ట్‌మెంటు వాళ్ల తరంగ్ సంచార్ పోర్టల్లో మీ ఏరియా మ్యాప్ తీసి ఆ టవర్ రూల్స్ ప్రకారం ఉందో లేదో చూసుకోవచ్చు, ఫీజు కడితే వచ్చి కొలుస్తారు కూడా. ఇంకో సంగతి, టవర్ దగ్గరుంటే మీ ఫోన్ తక్కువ పవర్‌తో పనిచేసిద్ది, సిగ్నల్ ఒక గీత ఉన్నప్పుడు చెవికి పెట్టి గంట మాట్లాడతారే అప్పుడు తలకి ఎక్కువ పడిద్ది. *#07# కొట్టి చూడండి, మీ ఫోన్ సార్ (SAR) వాల్యూ, అంటే ఒంట్లోకి ఎంత శక్తి ఇంకుద్దో, వస్తది, కిలోకి 1.6 వాట్ దాటకూడదు.

నాకసలు డౌటు వేరే అక్కా. దానికి జనరేటర్ ఉందా? ఎటేపు పెట్టారు?

బ్రాడీపేట కోడలు
అయ్యో ఉందండీ, మా కిటికీ వైపే, రాత్రి కరెంటు పోతే దానంతట అదే స్టార్టవుద్ది, కరెంటున్నా పక్కన బీరువా లాంటి డబ్బాలో ఫ్యాన్ తెల్లార్లూ గుయ్‌మంటానే ఉంటది. అత్తగారు కిటికీ మూసుకుని ఉక్కపోతలో పడుకుంటున్నారు.

టవర్ మెకానిక్ (తెనాలి)
అదీ మరి! డీజీకి, అదే డీజిల్ జనరేటర్‌కి, సౌండ్ తగ్గించే క్యానోపీ, అంటే పైన మూసే డబ్బా, ఉండాలి, తలుపు వదులైతే మోతే మోత. క్యాబినెట్ ఫ్యాన్ బేరింగ్ అరిగినా అదే గోల. టవర్ బోర్డు మీద సైట్ ఐడీ, ఫోన్ నంబరు రాసుంటయ్, దానికి కొట్టి సౌండ్ కంప్లైంట్ అని చెప్పండి. రేడియేషన్ అంటే ఒక కాగితం చేతిలో పెట్టి పోతారు, ఫ్యాన్ అంటే మనిషొస్తాడు.

మందుల షాపు సూరిబాబు
సిగ్నల్ ఆన్లో ఉందో ఆఫ్‌లో ఉందో చెప్పకుండా చేసిన టెస్టులు బోలెడున్నయ్. 2005లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు అలాంటివి 31 కలిపి చూస్తే, మాకు సిగ్నల్ పడదు అనేవాళ్లు కూడా ఎప్పుడు ఆన్లో ఉందో మిగతావాళ్లకంటే బాగా పట్టుకోలేకపోయారు. తలనొప్పి మాత్రం నిజంగానే వచ్చిద్ది, నటన కాదు, అత్తగారిని భ్రమ అనొద్దు. పొద్దున్నే తల దిమ్ము అంటే బీపీ చూపించండి ముందు. గురక ఉందా ఆవిడకి? గురకలో ఊపిరి ఆగి ఆగి ఆడితే కూడా పొద్దున అలాగే ఉంటది.

బ్రాడీపేట కోడలు
గురక లేదని ఆవిడంటారు, హాల్లోకి వినపడుద్దని మా ఆయనంటారు. సోమవారం కొత్తపేటలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. బోర్డు మీద నంబరుకి ఇప్పుడే ఫోన్ చేశా, ఫ్యాన్ అనే చెప్పా, రేపు మనిషిని పంపుతామన్నారు.