'క'ని వైల్డ్‌స్టైల్‌లో గీయడం ఎలా?

అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒక్క 'క' అక్షరాన్నే రకరకాల గ్రాఫిటీ (గోడల మీద గీసే అక్షరాల బొమ్మలు) స్టైల్స్‌లో గీస్తున్నాను. బబుల్ స్టైల్ బాగానే వచ్చింది, మన అక్షరాలు ఎలాగూ గుండ్రంగానే ఉంటాయి కదా. త్రీడీ నీడ కూడా కుదిరింది. చిక్కంతా వైల్డ్‌స్టైల్‌తోనే. 1970ల్లో న్యూయార్క్ సబ్‌వే రైళ్ల మీద పెరిగిన ఆ పద్ధతిలో గీతలు బాణాల్లా సాగుతాయి, ఒకదాని కిందనుంచి ఒకటి దూరతాయి. నేను తలకట్టును కుడివైపు బాణంలా సాగదీస్తే మా చెల్లి 'కా' అని చదివింది! కింది గుండ్రాన్ని కోణాలుగా విరిస్తే అసలు అక్షరమే పోతోంది.

తలకట్టును ఎటు తిప్పితే 'క' 'క'లాగే ఉంటుంది? ముందు పెన్సిల్‌తో మామూలు 'క' గీసి, చుట్టూ మందం పెంచుకుంటూ పోవాలా? గోడల మీద తెలుగు అక్షరాలు గీసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. మీరు గీసిన ఫొటో ఉంటే పెట్టండి, చాలా సాయం చేసినవాళ్లవుతారు.