ఆఖోర్విషమా, ఆశీవిషమా? తాతగారి శ్లోకంలో ఒక్క అక్షరం

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. రెండు వారాల్నుంచి ఒక శ్లోకం ముక్క బుర్రలో గిర్రున తిరుగుతోంది. మా తాతగారు ఊళ్ళో ఆయుర్వేదం చేసేవారు, నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒక ధాన్యం షావుకారు గారు ఒంటెద్దు బండిలో వచ్చేవాడు, కాలి బొటనవేలు మొదలు ఎర్రగా వాచిపోయి పంచె అంచు తగిలినా కేక పెట్టేవాడు. తాతగారు మట్టి పిడతలోంచి జలగలు తీసి ఆ వాపు చుట్టూ పట్టించేవారు, అవి తాగి ఉబ్బాక మూతి మీద ఉప్పు చల్లితే ఊడి పడేవి. తర్వాత తిప్పతీగ కషాయం, పెరుగూ మినుములూ ఉలవలూ బంద్. ఉలవచారు మానెయ్యమన్నప్పుడు ఆయన మొహం చూడాలి, జలగలకి కూడా అంత బాధపడలేదు!

ఈ తతంగం జరుగుతున్నంతసేపూ తాతగారు ఒక శ్లోకం చదివేవారు. చివర "...విషమివ క్రుద్ధం తద్దేహమనుసర్పతి" అని గట్టిగా గుర్తుంది. ముందున్నది "ఆశీ" అని నా చెవి, "ఆఖో" అని పిన్ని చెవి. ఏది కరెక్టు? అసలు రోగి మొహం మీద ఆ శ్లోకం ఎందుకు చదివేవారు, తిట్టా మంత్రమా?

అమరం అటక
వాతరక్తం, ఇప్పుడు గౌట్ అంటున్నదే. సుశ్రుతం (పాత ఆయుర్వేద గ్రంథం) నిదానస్థానం మొదటి అధ్యాయం, రోగలక్షణాలు చెప్పే మాధవనిదానంలోకీ వచ్చింది, మీ తాతగారి తరం వైద్యులు అక్కణ్ణుంచే కంఠస్థం చేసుంటారు.

పాదయోర్మూలమాస్థాయ కదాచిద్ధస్తయోరపి
ఆఖోర్విషమివ క్రుద్ధం తద్దేహమనుసర్పతి

కాళ్ళ మొదట్లో చేరి, ఒక్కోసారి చేతుల్లోనూ చేరి, ఎలుక విషం లాగా ఒళ్ళంతా పాకుతుందని. ఆఖువు అంటే ఎలుక, అమరకోశం నిఘంటువులో "ఉందురుర్మూషికోఽప్యాఖుః" చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మీ పిన్నిగారు కరెక్టు. చర్చ లేదు.

నల్లేరు బండి
చర్చ లేదని మీరు అన్నాక చర్చ లేకుండా ఎప్పుడు పోయింది మాస్టారూ 😄

అచ్చులో ఆఖోః ఉందని నాకూ తెలుసు. కానీ ఆ తాతగారు ఏం చదివారన్నది కదా ప్రశ్న. ఆశీవిషం అంటే పాము. "ఆశీవిష ఇవ క్రుద్ధః" అన్నది రామాయణ భారతాల్లో ఎన్ని చోట్ల వస్తుందో, ఆ నుడికారం నాలుక మీద నానినవాడికి "క్రుద్ధం" అనగానే ముందు పామే వస్తుంది. ఎలుకకి కోపం ఏమిటండీ. పైగా క్రియ చూడండి, అను*సర్పతి*. సృప్ ధాతువు, సర్పం పుట్టిందే దాంట్లోంచి. ఎలుకని తెచ్చి పాము క్రియ తగిలిస్తారా ఎవరైనా?

జబ్బు తీరు కూడా చూడండి. రాత్రి సుబ్బరంగా పడుకున్నవాడు అర్ధరాత్రి దాటాక బొటనవేలు కాటేసినట్టయి లేస్తాడు. ఇంగ్లండులో సిడెన్‌హామ్ అనే వైద్యుడు 1683లో సరిగ్గా ఇదే రాశాడు, రాత్రి రెండింటికి మెలకువ రావడం, దుప్పటి బరువు ఓర్వలేకపోవడం అన్నీ, ఆయనకే ఈ జబ్బు ఉండేది మరి. అది పాము కాటా, ఎలుక కొరుకుడా?

అమరం అటక
మీరు మొదటి రాత్రి సంగతి చెప్తున్నారు, శ్లోకం ఆ తర్వాత సంగతి చెప్తోంది. పాము విషమైతే గంటల్లో తేలిపోతుంది, అటో ఇటో. కాలితో మొదలై నెమ్మదిగా ఒక్కో కీలూ పట్టుకుంటూ పోయేదానికి ఆ పోలిక నప్పదు. అదే సుశ్రుతంలో కల్పస్థానం ఏడో అధ్యాయంలో చాలా భాగం ఎలుక విషం మీదే, పద్ధెనిమిది రకాల ఎలుకలు పేర్లతో సహా. అంత పట్టింపు ఉన్న గ్రంథంలో ఎలుక పోలిక ఊరికే పడదు. ఇక క్రుద్ధం అంటే కోపం కాదు, దోషం ప్రకోపించడం. వైద్యంలో వాతానికి కోపం వస్తుంది, ఎలుకకి రానక్కర్లేదు.

ఏకాదశి ఉప్మా
మా నాయనమ్మ అనేది, ఎలుక ఊదుతూ కొరుకుతుంది, అందుకే తెలీదు అని. ఆ లెక్కన ఎలుకకే నా ఓటు. తెలీకుండా పాకేది అదే కదా.

నల్లేరు బండి
తెలీకుండా ఏమిటండీ, పంచె తగిలితే కేక పెట్టేవాడికి 😄

గణవిభజన
ఛందస్సు పెట్టి తేల్చేద్దామని కూర్చున్నా. ఆఖోర్విషమివ క్రుద్ధం: గురువు గురువు లఘువు లఘువు లఘువు గురువు గురువు గురువు. ఆశీవిషమివ క్రుద్ధం వేసి చూశా. అక్షరం పొల్లుపోకుండా అదే. అయిదోది లఘువు, ఆరోది గురువు, రెండూ పాసే. అనుష్టుప్పు చేతులెత్తేసింది, నేనూ ఎత్తేశా.

అమరం అటక
ఛందస్సు తేల్చకపోతే వ్యాకరణం తేలుస్తుంది. "మి" అనే ఒక్క అక్షరం చూడండి. ఆశీవిష శబ్దం పుంలింగం, "ఆశీవిషో విషధరః" అనే కదా అమరం. ప్రథమలో అయితే "ఆశీవిష ఇవ" అవ్వాలి. "ఆశీవిషమ్ ఇవ" అంటే ద్వితీయ, కర్తకి పోలిక కుదరదు. తత్, క్రుద్ధం రెండూ నపుంసకం, విషం నపుంసకం, ఆఖోః విషం ఇవ. గోదారిగట్టు గారికి "విషమివ" అని గట్టిగా గుర్తుందంటున్నారు కాబట్టి ఆ "మి" ఉన్నంతకాలం ఎలుకే.

నల్లేరు బండి
ఇదిగో ఇక్కడే పట్టుబడ్డారు. ఆశీ అంటే కోర. కోరలో విషం ఉన్నది అని బహువ్రీహి చేస్తే పాము, పుంలింగం, ఒప్పుకున్నా. కోర తాలూకు విషం అని తత్పురుష చెయ్యండి, నపుంసకం, "ఆశీవిషమివ" నిక్షేపంలా నిలబడుతుంది. పోలిక కూడా పాముతో కాదు, విషంతోనే.

అమరం అటక
అలా ఎవరు వాడారు?

నల్లేరు బండి
గోదారిగట్టు గారి తాతగారు.

ఓరుగల్లు పిల్ల
మీ పాము ఎలుక జర పక్కకు పెట్టుండ్రి సారూ 🙏 మా దిక్కు హకీం సాబ్ దీన్ని నిక్రిస్ అనేటోడు, యునానీల అదే పేరు. సురంజాన్ గడ్డ దంచి ఇచ్చేటోడు, కొంచెం ఎక్కువైతే విరోచనాలే. ఆ సురంజాన్ జాతి గడ్డల్లకెల్లే కొల్చిసిన్ తీస్తరు, ఇప్పటికి గూడ డాక్టర్లు గౌట్‌కు రాస్తున్నరు. వాతరక్తం అంటే వాతంతోటి చెడిన రక్తమా, వాతమూ రక్తమూ రెండా, అది చెప్పుండ్రి ముందు.

గణవిభజన
మంచి ప్రశ్న. ద్వంద్వమా తత్పురుషా అంటే రెండు వైపులా లాగొచ్చు, చరకం (ఇంకో పాత ఆయుర్వేద గ్రంథం) మటుకు రెండూ చెడి ఒకదాని దారికి ఒకటి అడ్డం పడటం అంటుంది. అదే చోట దీనికి మారుపేర్లూ ఉన్నాయి, ఖుడం, వాతబలాసం, ఆద్యవాతం.

అమరం అటక
ఆద్య కాదు, ఆఢ్య. ఢకి య వత్తు. ధనాఢ్యుడిలో ఆఢ్యుడు. డబ్బున్నవాళ్ళకి వచ్చే వాతం.

గణవిభజన
కీబోర్డు తప్పు సార్.

అమరం అటక
కీబోర్డుది కాదు, సగం మంది అలాగే చదువుతారు, "మొదట వచ్చే వాతం" అని అర్థం కూడా చెప్పేస్తారు. చరకం కారణాల పట్టీ చూస్తే ఢ ఎందుకో తెలుస్తుంది: సుకుమారులు, కమ్మగా తిని కూర్చునేవాళ్ళు, నాలుగడుగులు నడవనివాళ్ళు, గుర్రాలూ ఒంటెలూ ఎక్కి తిరిగేవాళ్ళు. షావుకారు గారి ఒంటెద్దు బండితో సహా సరిపోయింది.

పలనాటి జొన్న
ఆఢ్యుడంటే మన శ్రీనాథుడే గుర్తొస్తాడు నాకు, దీనారటంకాల తీర్థమాడిన మనిషి, పల్లకీ, పట్టుబట్టలు, ఏ రాజు కొలువులో చూసినా విందు. ఆయనకి బొటనవేలు వాచలేదంటే ఆశ్చర్యమే. పాపం మా పల్నాడు వచ్చి జొన్నకూడు తినలేక కృష్ణుణ్ణే సవాలు చేశాడని ఆయన పేరు మీద చాటువు తిరుగుతుంది కదా, "తింత్రిణీపల్లవయుక్తమౌ నుడుకు బచ్చలిశాకము" జొన్నకూటితో ఒక్క ముద్ద మింగి చూపించు నీ పస అని. ఇప్పుడు అసలు సంగతి. చరకంలో వాతరక్తం రోగికి తినమని చెప్పిన కూరల్లో ఉపోదిక ఉంది. ఉపోదిక అంటే బచ్చలి! మహాకవి ఈసడించుకున్నది ఆయన మందునే. 🙂

గణవిభజన
బాగుంది కానీ తింత్రిణీపల్లవం సంగతేంటి? చింతచిగురు పులుపు. పులుపూ ఉప్పూ వద్దనే ఆ అధ్యాయంలో ఉంది, పగటి నిద్రతో పాటు. అంటే ఆ ముద్దలో సగం పథ్యం సగం అపథ్యం.

పలనాటి జొన్న
చింతచిగురు ఏరేసి తినమనండి.

ఓరుగల్లు పిల్ల
చింతచిగురు ఏరేస్తే ఇంక బచ్చల్ల ఏముంటది అన్నా 😭

అమరం అటక
శ్రీనాథుడు చివర్లో బొడ్డుపల్లె గుత్తకి తీసుకుని ఏడునూర్ల టంకాలు కట్టలేక ఎండలో నిలబడ్డప్పుడు ఆఢ్యత్వమూ పోయింది, దాంతో వాతమూ పోయే ఉంటుంది. ఆ కష్టం చెప్పే సీసపద్యం నేను ఇప్పటికీ చివరిదాకా చదవలేను, మధ్యలో గొంతు పట్టేస్తుంది.

నల్లేరు బండి
అందులో మాత్రం మీతో ఏకీభవిస్తున్నా. ఈ ఒక్కదాంట్లోనే.

గణవిభజన
అన్నట్టు నేను చదివిన మాధవనిదానం ప్రతిలో "ఉపసర్పతి" ఉంది, "అనుసర్పతి" కాదు. ఉప అంటే దగ్గరికి రావడం, అను అంటే వెంటపడి పోవడం, అర్థం మారిపోతుంది. ముందు ఇది తేలితే...

ఏకాదశి ఉప్మా
వద్దు సార్ ప్లీజ్.

గోదారిగట్టు
అందరికీ థాంక్స్, బచ్చలి దాకా వెళ్తుందనుకోలేదు. నిన్న పిన్నికి ఫోన్ చేశా. ఆవిడ మళ్ళీ "ఆఖో"నే అంది. ఎందుకంత గట్టిగా చెప్తున్నావంటే, షావుకారు గారి కొట్టు నిండా ధాన్యం, కొట్టు నిండా ఎలుకలు, తాతగారు ఆ మాట దగ్గర ఆగి ఆయన మొహంలోకి చూసి నవ్వేవారట, ఆయన అర్థం కాక ఈయనతో పాటు నవ్వేవాడట. సరే అనుకుని పెట్టేసేలోపు పక్కనుంచి బాబాయి ఫోన్ లాక్కుని, అది "ఆశీ", నేను జలగల పిడత పట్టుకుని పక్కనే నిలబడేవాణ్ణి, నాకు తెలీదా అన్నాడు. ఇప్పుడు వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

నల్లేరు బండి
బాబాయి గారికి నా నమస్కారాలు చెప్పండి.

అమరం అటక
ఆయన సంస్కృతం ఎవరి దగ్గర చదువుకున్నారో కూడా కనుక్కోండి.