పీరియడ్స్ ముందు వారం నరకం: ఇది హార్మోన్ల సమస్యా, మెదడు సమస్యా?

వైట్‌ఫీల్డ్_వాసి:
మా చెల్లి బెంగళూరులోనే, మారతహళ్ళి పీజీలో ఉంటోంది. ప్రతి నెలా డేట్‌కి వారం ముందు నుంచి పట్టరాని కోపం, ఏడుపు, ఆఫీసులో గొడవలు. బ్లీడింగ్ మొదలైన ఒకటి రెండు రోజులకి మళ్ళీ మామూలు మనిషి. హార్మోన్ టెస్టులన్నీ నార్మల్. గైనకాలజిస్ట్ పీఎమ్‌డీడీ (నెలసరి ముందు మనసుని తీవ్రంగా కుదిపేసే సమస్య) కావచ్చని సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపారు, ఆవిడ సెర్ట్రలిన్ రాశారు, మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే డిప్రెషన్ మాత్రట. ఇంకా మొదలుపెట్టలేదు. "పెళ్ళికాని పిల్లకి పిచ్చి మాత్రలా" అని గుంటూరు నుంచి అమ్మ ఒకటే గోల. నా సందేహం వేరు. నెలసరితో వచ్చే బాధకి మెదడు మందు దేనికి?

గోదారిగట్టు:
వద్దనే నా మాట. సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో లండన్ పరిశోధకులే తేల్చారు. పైగా ఒంట్లో సెరటోనిన్ 90 శాతం దాకా పేగుల్లోనే ఉంటుంది. ముందు తిండి మార్చమనండి. పీజీ తిండికి ఎవరికైనా కోపం వస్తుంది.

నీలాంబరి:
పీజీ సాంబారు వరకూ ఒప్పుకుంటా. పేగుల్లోని సెరటోనిన్ మెదడులోకి దాటలేదండీ, మెదడు తనకి కావలసింది తనే తయారుచేసుకుంటుంది. ఆ 2022 వ్యాసం డిప్రెషన్ గురించి, దీని గురించి కాదు. దీనికి చూడాల్సింది 1998లో అమెరికాలో చేసిన ప్రయోగం. ఈ బాధ ఉన్నవాళ్ళకి మందుతో అండాశయాల పని ఆపితే చాలామందికి తగ్గింది. వాళ్ళకే ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టిరాన్ గానీ తిరిగి ఇస్తే మళ్ళీ మొదలైంది. ఈ సమస్య లేని ఆడవాళ్ళకి అదే ఇస్తే ఏమీ కాలేదు! హార్మోన్ అందరిలో ఒకటే, దానికి మెదడు స్పందించే తీరులోనే తేడా. టెస్టులు నార్మల్ రావడంలో వింతేం లేదు. డిప్రెషన్‌కి వారాలు పట్టే ఈ మాత్రలు ఇక్కడ కొద్దిరోజుల్లోనే పనిచేస్తాయి. నెలలో రెండో సగం మాత్రమే వేసుకునే పద్ధతీ ఉంది.

గోదారిగట్టు:
సరే. సెరటోనిన్‌ని కదిపితే, మెదడులో హార్మోన్లని అదుపుచేసే హైపోథలమస్ ద్వారా కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) కూడా కదులుతాయిగా? ఒకటి బాగుచేయబోయి ఇంకోటి చెడగొట్టుకోవడం ఎందుకు?

నీలాంబరి:
కదులుతాయి, కాదనను. సెరటోనిన్‌ని అందుకునే రిసెప్టర్లు కణాల మీద 14 రకాలు, ఈ మాత్ర ప్రభావం ఏ ఒక్కదానితోనో ఆగదు. అరుదుగా ప్రొలాక్టిన్ పెరిగి పాలు రావచ్చు. పెద్దవయసులో సోడియం పడిపోయే ప్రమాదం ఎక్కువ. అవన్నీ డాక్టర్ని అడగాలి. డ్రోస్పిరెనోన్ అనే హార్మోన్ మందు ఉన్న గర్భనిరోధక మాత్రకి కూడా 2006లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది, కాబట్టి గైనకాలజిస్ట్‌ని వదిలేయకండి.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
ట్రాఫిక్‌లో కూర్చుని చదువుతున్నా. వరుసగా రెండు నెలసరులు ఏ రోజు ఎలా ఉందో రాసి చూస్తేగానీ ఇది ఖాయం చేయరు కదా. రాశారా?

వైట్‌ఫీల్డ్_వాసి:
లేదండీ. ఎవరూ చెప్పలేదు.

గోదారిగట్టు:
అయితే రెండు నెలలు రాయించండి. మాత్ర అప్పటిదాకా ఆపండి.

నీలాంబరి:
రాయించండి. మాత్ర ఆపాలా వద్దా అన్నది మాత్రం ఆ సైకియాట్రిస్ట్‌నే అడగండి. ఆ వారంలో చచ్చిపోవాలనిపిస్తోందా అని చెల్లిని ఈరోజే అడగండి. అవునంటే రెండు నెలలు ఆగే పనే లేదు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.