ఫ్యాను కండెన్సర్ పాత స్పీకర్ బాక్సులో వేయొచ్చా?

సింగరాయకొండ వైండర్:

అందరికీ నమస్కారం. నాది సింగరాయకొండలో మోటార్లు చుట్టే షాపు. బోరు మోటార్లు, రొయ్యల చెరువుల ఏరేటర్లు, ఫ్యాన్లు, ఏది కాలినా మా దగ్గరికే వస్తది. ముప్పై ఏళ్ల నుంచి ఇదే పని. అన్నం తినేటప్పుడు కూడా చేతికి వార్నిష్ వాసనే. పాటల మిషన్ల సంగతి మాత్రం నాకు తెలీదు, అందుకే అడుగుతున్నా.

మా పెదనాయన మద్రాసు హార్బర్లో క్రేను నడిపేవాడు. 1978లో బర్మా బజార్లో ఒక జత స్పీకర్ బాక్సులు కొన్నాడు. జనరల్ పెట్టెలో ఒకటి ఒళ్లో పెట్టుకుని, ఇంకోదాని మీద కాళ్లు పెట్టుకుని తెచ్చాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వెనక లేబులు చెదలు తిన్నాయి. మేడ్ ఇన్ ఇంగ్లాండ్, 8 ఓమ్స్, 20 వాట్స్, ఇంతవరకే మిగిలింది. కింద ఎనిమిది అంగుళాల కోను, పైన సన్నటి శబ్దాలు పలికే చిన్న ట్వీటరు. పెదనాయన పోయి ఆరేళ్లయింది. ఇప్పుడవి పెదమ్మవి. పొద్దున భజన క్యాసెట్టు, సాయంత్రం పద్యనాటకాలు. టీవీ అంటే ఆమెకి పడదు.

పోయిన నెల పిలిచి, "ఒరే, తాళాలు యాడికి పోయినాయిరా? పక్కూరి గుళ్లో భజన విన్నట్టుంది. పద్యంలో స అన్నాడో శ అన్నాడో తెలవట్లా" అంది. చెవి పెట్టి చూస్తే నిజమే. ఎడమ బాక్సు మసక. కుడి బాక్సులో ట్వీటరు దాదాపు మూగ.

విప్పా. చిన్న చెక్క మీద ఒక కాయిలు, రెండు కండెన్సర్లు. ట్వీటరుకి పోయే తీగలో 4 ఎంఎఫ్‌డీ, అంటే మైక్రోఫారడ్లు. కోను వైపు కాయిలు దాటినాక అడ్డంగా 8 ఎంఎఫ్‌డీ. రెండిటి మీదా 50 వోల్టులు, రివర్సిబుల్ (ఎటు తిప్పి వేసినా ఒకటే) అని ఉంది. ఊడదీసి మీటరు పెడితే ఎడమవి 4.6, 9.1 చూపించినాయి. కుడివి 5.7, 10.4. నాకు తెలిసిన కండెన్సర్ ముసలిదైతే తగ్గుద్ది. ఫ్యానుది 2.5 ఉండాల్సింది 1.6కి దిగుద్ది, రెక్కలు ఈసురోమని తిరుగుతాయి. వయసు మీద పడ్డాక పెరిగే కండెన్సర్ని ఇప్పుడే చూస్తున్నా.

ఇక అసలు సంగతి. నా షాపులో ఫ్యాన్లవీ, ఎగ్జాస్టులవీ కొత్త కండెన్సర్లు డబ్బా నిండా ఉన్నాయి. 2.5, 3.15, 4. అన్నీ 440 వోల్టుల ఏసీ. అందులో 4 తీసి దీనికి వేస్తే ఏమవుద్ది? రేడియో సామాన్ల కొట్లో అడిగితే, "గాలికి వేసేది పాటకి వేస్తావా" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గాని ఎందుకు పనికిరాదో చెప్పలా. ఆ కాయిలు కూడా పాతదే కదా, చేతిలో పనే కాబట్టి కాస్త లావు తీగతో కొత్తగా చుట్టేద్దామని ఉంది. దానికంటే ముందు అన్నిటికీ ఒకసారి మెగ్గరు, అదే ఇన్సులేషన్ చూసే మీటరు, పెట్టి చూద్దామనుకుంటున్నా.

కావలి మైకుసెట్టు:

అన్నా, నీకు దణ్ణం పెడతా, ఆ మెగ్గరు బీరువాలో పెట్టి తాళం వెయ్యి. అది 500 వోల్టులు కొడతది. నీ కండెన్సర్ మీద రాసిందే 50. ట్వీటరు లోపల తీగ వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. బోరు మోటారు కాదది. సిరీస్ బల్బు, అదే కరెంటు లైన్లో బల్బు కలిపి చూసే పరీక్ష, అది కూడా వద్దు. మోటారోళ్లకి ఏది దొరికినా సిరీస్ బల్బు పెట్టడం అలవాటు, తెలిసే చెప్తున్నా.

కోను చూడాలంటే టార్చిలైటు సెల్లు ఒకటి చాలు. తీగలు అలా తాకించి తీసెయ్, టక్కుమని కదిలితే బతికున్నట్టే. ట్వీటరు తీగలు విప్పి మామూలు మీటర్లో ఓమ్స్ చూడు. 8 ఓమ్స్ ట్వీటరు ఆరు చిల్లర చూపిస్తది, కంగారుపడొద్దు, డీసీకి అంతే. ఏమీ చూపించకపోతే తీగ తెగిందని.

ఇంకోటి అడగాలి. బాక్సు వెనక తిప్పే నాబు ఏమన్నా ఉందా, ట్వీటరు ఎక్కువ తక్కువ చేసేది? పాత బాక్సులకి ఉంటది. ఉంటే నా అనుమానమంతా దాని మీదే. నువ్వు సముద్రానికి ఎంత దూరం? పాకల బీచి గాలి మీ ఇంట్లోకి వస్తా ఉండాలి. నేను తుమ్మలపెంట వైపు పెళ్లిళ్లకి మైకు కట్టి కట్టి చూశా, ఉప్పుగాలికి ముందు పోయేది రాగి రాసుకునే చోటే. కండెన్సర్ తర్వాత.

నెల్లూరు రిటైర్డు ఫిజిక్సు:

వైండర్ గారూ, మీకు నవ్విన కొట్టాయన డబ్బా మీద అక్షరాలు చదవలేదు. మీ ఫ్యాను కెపాసిటర్ (మీరు కండెన్సర్ అనేదే) మీద ఎంపీపీ అని ఉంటుంది చూడండి. పాలీప్రొపిలీన్ ఫిల్ము, దాని మీద ఆవిరిగా పట్టించిన లోహపు పూత. ప్లస్సు మైనస్సు తేడా లేదు. ఆడియో కోసమని పెద్ద ధరకు అమ్మేవాటిలోనూ చాలావరకు ఇదే ఫిల్ము.

మీ ఫ్యాన్లో అది రాత్రింబగళ్లు 230 వోల్టులకు పైనే మోస్తుంది. ఎక్కడైనా పూత తూట్లుపడితే ఆ చుట్టూ లోహం ఆవిరై తనకు తానే మానిపోతుంది. అలా మాని మాని విస్తీర్ణం తగ్గి 2.5 కాస్తా 1.6 అవుతుంది. స్పీకర్లో ఆ బాధ లేదు. 20 వాట్లు, 8 ఓమ్స్ అంటే రెండూ గుణిస్తే 160, దాని వర్గమూలం పన్నెండున్నర వోల్టులు. 440 మోసేవాడికి పన్నెండున్నర మూటే కాదు. పెదమ్మగారి ఇంట్లో అది మనందరికంటే ఎక్కువ కాలం ఉంటుంది.

మీ రెండో సందేహం నాకు బాగా నచ్చింది. పాతవి వేరే జాతి, ఎలక్ట్రోలిటిక్‌లు. అల్యూమినియం రేకు మీద సన్నని ఆక్సైడు పొర, మధ్యలో తడి కాగితం. ఏళ్లు గడిచేకొద్దీ పొర చెడి కరెంటు కారుతుంది, కాగితం ఆరి లోపలి నిరోధం పెరుగుతుంది. మామూలు మీటరు చార్జి ఎక్కడానికి పట్టే సమయాన్ని బట్టి లెక్క కడుతుంది. కుండకు చిల్లుంటే నిండడానికి ఎక్కువ సేపు పడుతుంది కదా, మీటరు కుండే పెద్దదనుకుంటుంది. కాబట్టి ఆ 5.7ను నమ్మకండి. కుండ పెరగలేదు, చిల్లు పడింది.

విలువ మాత్రం మార్చవద్దు. చేతిలో 3.15 ఉంది కదా అని వేయకండి. లెక్క సులువే. లక్షా యాభై తొమ్మిది వేలను ఓమ్స్‌తోనూ మైక్రోఫారడ్లతోనూ భాగించండి. 8 ఓమ్స్, 4 అయితే దాదాపు 5,000 హెర్ట్జ్. అక్కడి నుంచి పైమాట ట్వీటరుది. 3.15 వేస్తే అది 6,300 దాకా జరుగుతుంది, మధ్యలో గొంతు పలచబడుతుంది. ట్వీటరు అసలు సిసలు 8 ఓమ్స్ కాదు కాబట్టి ఇది అంచనా మాత్రమే, కానీ ఎటు జరుగుతుందో తెలుస్తుంది. 8కి రెండు 4లు పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా, కలపండి. మోటారు స్టార్టింగు కెపాసిటర్లు, ఆ నల్ల డబ్బాలు, ఇందులో వద్దు. అవి క్షణం పనికే. డబ్బాలోవి కొత్తవే అయినా, మీరు మెయిన్స్ మీద పరీక్షించి పెట్టినవి ఉంటే బిగించేముందు రెండు కాళ్లూ షార్టు చేయండి.

కాయిలు జోలికి వెళ్లకండి. రాగి తీగ కెపాసిటర్‌లా ముసలిది కాదు. పైగా లావు తీగ వేస్తే నిరోధం తగ్గుతుంది, డిజైను చేసినాయన ఆ నిరోధాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కట్టి ఉంటాడు. మీ చేతి దురద నాకు అర్థమైంది.

ఒక హెచ్చరిక. పాత కెపాసిటర్‌కు కొత్తగా ఉన్నప్పుడు కూడా లోపల కొంత నిరోధం ఉండేది. ఫిల్ముకు దాదాపు ఉండదు. ట్వీటరు గట్టిగా పలుకుతుంది. ఒక ఓమ్, 5 వాట్ల సిమెంటు రెసిస్టరు వరసలో పెడితే ఒక డెసిబెల్ తగ్గుతుంది. ముందు లేకుండా విని, తర్వాత తేల్చుకోండి.

ఒంగోలు డిట్టన్:

అందరూ ఫ్యాను కండెన్సర్ అంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటోంది. నా దగ్గర సెలెస్షన్ కంపెనీ డిట్టన్ 15 స్పీకర్ల జత ఉంది. మూడో గుండ్రం చూసి దానికి తీగ ఊడిందని మా ఎలక్ట్రీషియన్ వెతికాడు పాపం, అది ఉట్టి కోను, గాలికి ఊగడానికి పెట్టింది, దానికి తీగే రాదు. వాటికి నేను విదేశీ ఫిల్ము కండెన్సర్లు తెప్పించి వేశా. ఖర్చు చెప్తే ఇంట్లో గొడవ. కానీ రెండొందల గంటలు వాయించాక తెర తీసినట్టుంది. పెదనాయన జ్ఞాపకం కదా అన్నా, దానికి యాభై రూపాయల సరుకా?

కావలి మైకుసెట్టు:

రెండొందల గంటల్లో కండెన్సర్ మారిందా, నీ చెవి అలవాటు పడిందా? ఒక బాక్సులో అది, ఇంకో బాక్సులో ఫ్యానుది పెట్టి, ఎందులో ఏదో మీ ఆవిడకి చెప్పకుండా వినిపించు. ఆమె పట్టుకుంటే నేనూ కొంటా. అన్నా వైండరూ, నాబు సంగతి చెప్పలా నువ్వు.

సింగరాయకొండ వైండర్:

నాబు ఉంది! దుమ్ము పట్టి చెక్క రంగులో కలిసిపోయింది, స్క్రూ అనుకున్నా. తిప్పితే గరగరా ఇసకలో నడిచినట్టు శబ్దం. కుడిది విప్పి చూస్తే లోపల తీగచుట్ట మీద ఆకుపచ్చగా చిలుము. ట్వీటరు ఓమ్స్ చూశా, 6.2, బాగానే ఉంది. కాంటాక్టు క్లీనర్ కొట్టి, ఆ కొస నుంచి ఈ కొసకి నలభై సార్లు తిప్పా. పాత కండెన్సర్లే మళ్లీ తగిలించి పాట పెట్టా. ట్వీటరు పలికింది. నెల రోజులుగా కండెన్సర్ని తిట్టుకుంటున్నా, దాని తప్పు సగమే.

అయినా మసక పోలా. ఎడమది కూడా అట్టానే ఉంది. ఆదివారం షాపు తీయకుండా డబ్బా ముందేసుకుని కూర్చున్నా. 4 ఎంఎఫ్‌డీవి ఇరవై మూడు ఉంటే అన్నిటికీ మీటరు పెట్టి, 3.97కీ 4.02కీ మధ్యవి ఆరు ఏరా. బాక్సుకి మూడు. సైజు ముందువాటికి మూడింతలుంది, కోను అదిరినప్పుడు ఊగకుండా కేబుల్ టైలతో చెక్కకి కట్టా. కాయిలు ముట్టుకోలేదు లెక్చరర్ గారూ, చెయ్యి మాత్రం రెండు సార్లు ముందుకి పోయింది.

డిట్టన్ అన్నా, నీ మాట తప్పని అనను. మా పెదనాయన కూడా బర్మా బజార్లో బేరమాడకుండా కొన్నాడంట, అది కూడా ఇంట్లో గొడవే. నా చేతిలో ఉన్నది ఇది.

పెదమ్మకి రిపోర్టు ఇచ్చా. భజన పెట్టగానే మొహం చిట్లించి, "ఇదేందిరా, రేకు మీద గులకరాళ్లు పోసినట్టు" అంది. నేను నాబు ఫుల్లుగా పెట్టి ఉంచా, రెసిస్టరు వేయలా. పాత టీవీ బోర్డు మీద నుంచి ఒక ఓమ్ సిమెంటుది పీకి వేశా, నాబు సగానికి తెచ్చా. రెండూ ఒకేసారి చేశా, ఏది ఎంత పని చేసిందో ఇప్పుడు అడక్కండి, చెప్పలేను.

సాయంత్రం పద్యనాటకం పెట్టి వాకిట్లో కూర్చున్నా. ఒక క్యాసెట్టు వైపు అయిపోయిందాకా ఆమె ఏమీ అనలా. రెండో వైపు తిప్పి పెట్టా. హార్మోనియం ఎత్తుకున్నాక లోపల్నించి కేకేసింది.

"ఆ ఫ్యాను ఆపరా. రాగం మధ్యలో గరగర."

ఆపా. బేరింగు పోయింది దానికి. రేపు దించాలి.